జంటగా రావాల్సిన ఆదివారం

"ఆ బకెట్టు ముట్టుకోకు. నీది ఎర్రది."

బాత్రూమ్ గుమ్మంలో నిలబడి విమల అన్న మాట అది. కోడలు దీవెన చెయ్యి నీలం బకెట్టు మీదే ఆగిపోయింది. పాపం, నిద్రలేచి ఇంకా ముఖమైనా కడుక్కోలేదు.

"నిన్నటిదాంక ఇదే గదా అత్తమ్మా?"

"నిన్నటి సంగతి వేరు. ఎర్ర బకెట్టు, ఎర్ర మగ్గు నీకు. తువ్వాలు బాల్కనీలో ఆ చివర ఆరేసుకో. మా బట్టల్లో కలపకు."

"నాకేమన్న గజ్జి లేచిందా?"

"గజ్జయితే ఇంత బాధెందుకమ్మా? మందు రాస్తే పోయేది."

హాల్లో కూర్చున్న కొడుక్కి వినబడాలనే అంత గట్టిగా అంది. వినబడింది కూడా. కిరణ్ పేపరు ఇంకో పేజీ తిప్పాడు, అంతే.

విమల నర్సు. రిటైరైన నర్సు అనాలి గానీ, ఆవిడ ముందు ఆ మాట అనే ధైర్యం చందానగర్‌లో ఎవరికీ లేదు. కోస్తాలో ఒక మిషన్ ఆసుపత్రిలో జీవితమంతా కాన్పులు చేసిన చెయ్యి అది. చర్చి సంఘంలో ఎవరికి జ్వరమొచ్చినా ముందు విమలమ్మ గారి గుమ్మం ఎక్కాల్సిందే. అల్మరాలో ఓ పెద్ద బిస్కెట్ల డబ్బా ఉంది. అందులో బిస్కెట్లు ఏనాడూ లేవు, అన్నీ మాత్రలే.

పోయిన నెల దీవెనకు పన్ను నొప్పి వచ్చి చెంప వాచింది. "డాక్టరు దగ్గరికి వెళితే పీకేస్తానంటాడు, నేనిస్తానుండు" అని ఆ డబ్బాలోంచే యాంటీబయోటిక్ తీసిచ్చింది విమల. అది అయిపోయాక ఇంకాస్త గట్టిది ఇచ్చింది. పన్ను నొప్పి నిజంగానే తగ్గింది. తగ్గిన కొన్నాళ్ళకు కింద దురద మొదలైంది. మూత్రానికి వెళితే మంట. విరిగిన పాలలా తెల్లబట్ట.

ఆడపిల్ల ఇలాంటివి ఎవరితో చెప్పుకుంటుంది? ఇంట్లోనే నర్సు ఉంది కదా అని దీవెన అత్తగారికి చెప్పుకుంది. ఆ పిల్ల చేసిన తప్పేదైనా ఉంటే అదే.

విమల ఒక్కసారి చూసింది. చేతులు సబ్బుతో కడుక్కుంది. కడుక్కుంటూనే తేల్చేసింది.

"ఇది మగవాళ్ళ నుంచి వచ్చేది. సుఖరోగం. ఇలాంటి కేసు వస్తే మేం మొగుడికీ పెళ్ళానికీ ఇద్దరికీ మందులిచ్చేవాళ్ళం."

రోజూ క్రిములు చంపే లోషన్ కలిపిన నీళ్ళతో కడుక్కోమని కోడలికి చెప్పి, కొడుకును పిలిచి "నువ్వూ మాత్రలు వేసుకోవాలిరా" అంది. "నాకెందుకమ్మా? నేనెక్కడికీ వెళ్ళలేదే!" అన్నాడు కిరణ్. అన్నాక, మరి వెళ్ళిందెవరు అని తనకే తట్టి ఉలిక్కిపడ్డాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఒక మంచం మీద పడుకోలేదు.

ఇప్పుడు ముఖం తుడుచుకుంటూ దీవెన హాల్లోకి వచ్చింది.

"కిరణ్, మీ అమ్మ నా బకెట్టు వేరు జేసింది. చూసినవా?"

"చూశాను."

"ఏమనవా?"

"ఏమనమంటావు? ఎక్కడి నుంచి వచ్చిందో నువ్వు చెప్పు, నేను అమ్మతో మాట్లాడతాను."

"నాకు తెల్వదని చెప్పిన గదా! ఆఫీసుల ఉన్న ఆ రాత్రులు ట్రైనింగ్ రూముల ఆడపిల్లలమే పండుకున్నం. ఎన్నిసార్లు జెప్పాలె?"

"సాయిచంద్ ఎక్కడ పడుకున్నాడు?"

ఇలాంటి ప్రశ్నకు జవాబు చెబితే ముందే సిద్ధం చేసుకున్నట్టుంటుంది, చెప్పకపోతే దాచినట్టుంటుంది.

సకల జనుల సమ్మె మొదలయ్యాక ఊరంతా స్తంభించిపోయింది. బస్సుల్లేవు, బడుల్లేవు. నిజాంపేటలో కిరణ్ ఫిజిక్స్ చెప్పే కాలేజీ గేటుకు తాళం పడింది. దీవెన పనిచేసే మాదాపూర్ ఆఫీసు మాత్రం నడుస్తూనే ఉంది. అమెరికాలో కూర్చున్న క్లయింటుకు సకల జనులతో పనేముంది? రాస్తారోకోలున్న రోజుల్లో ఇంటికి వెళ్ళొద్దని, ఆఫీసులోనే పడుకోమని పరుపులు తెప్పించి వేశారు. క్యాబులు మొత్తానికే ఆగిపోయిన రోజున టీములోని సాయిచంద్ తన బండి మీద ఆమెను ఇంటికి తెచ్చి దింపి, "ఫికర్ జేయకు అక్కా, మంచిగ పండుకో" అని వెళ్ళిపోయాడు. బాల్కనీలో ఉన్న విమలకు ఆ అక్కా అన్న పిలుపు వినబడలేదు. బండి మాత్రం కనబడింది.

రోజంతా ఇంట్లో ఖాళీగా కూర్చున్న మగవాడి బుర్రకు అంతకంటే ఏం కావాలి?

"రేపు మొదటి ఆదివారం," అన్నాడు ఆనందరావు. విమల భర్త, సంఘ పెద్ద. అప్పటిదాకా కిటికీ దగ్గర బైబిలు చదువుకుంటున్నవాడు తల ఎత్తకుండానే అన్నాడు. "మీ ఇద్దరి సంగతీ ఇవాళే తేల్చుకోండి. లేకపోతే రేపు బల్ల దగ్గరికి రావద్దు."

ఆ సంఘంలో అదొక కట్టుబాటు. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధన. భర్త మగవాళ్ళ వైపు నుంచి, భార్య ఆడవాళ్ళ వైపు నుంచి లేచి, నడుమ దారిలో కలుసుకుని, జంటగా వెళ్ళి మోకరించాలి. ఇంట్లో తగువున్నవాళ్ళు కూర్చుండిపోవాలి. ఎవరు లేచారో ఎవరు లేవలేదో సంఘమంతా చూస్తుంది. సోమవారం తెల్లారేసరికి ఎందుకు లేవలేదో కూడా సంఘమంతా కనిపెట్టేస్తుంది. రొట్టె దొరకలేదన్న బాధ కంటే, లేవనందుకు జనం ఏమనుకుంటారోనన్న భయమే ఎక్కువ.

"తేల్చుకుందాం మామయ్యా," అంది దీవెన. "కిరణ్, నడువు. డాక్టర్ దగ్గరికి వోదాం. నా మాట నమ్మకు, మీ అమ్మ మాట నమ్మకు. డాక్టర్ ఏమంటదో నీ చెవుల్తోని ఇను."

కిరణ్ పేపరు మడిచి పక్కన పెట్టాడు. చివరికి లేచి బండి తాళం తీసుకున్నాడు. దీవెనకు ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నాళ్ళకు తన మాట ఒక్కటి విన్నాడు.

* * *

హఫీజ్‌పేట దాటాక రోడ్డు మూసేశారు. నడిరోడ్డు మీద మూడు రాళ్ళ పొయ్యిలు పెట్టి గుండిగల్లో అన్నం వండుతున్నారు. వంటా వార్పూ. జెండాలు, డప్పులు, జై తెలంగాణ కేకలు. బండ్లన్నీ ఆగిపోయాయి. ఒకావిడ విస్తరాకులో వేడివేడి అన్నం, పప్పు పెట్టుకుని వీళ్ళ బండి దగ్గరికి వచ్చింది.

"ఇంత తినిపో బిడ్డా. దారి ఇప్పుడే ఇడువరు."

దీవెనకు పొద్దుటి నుంచి కడుపులో ఏమీ లేదు. చెయ్యి చాపబోయింది.

"వద్దమ్మా, మాకు పనుంది," అన్నాడు కిరణ్.

"మీదెక్కడ నాయినా? భీమవరమా?" అని నవ్వింది ఆవిడ. నవ్వులో కోపమేమీ లేదు. అయినా కిరణ్ ముఖం ఎర్రబడింది. బండి వెనక్కి తిప్పి సందుల్లోకి పోనిచ్చాడు.

"మీ వాళ్ళకి రోడ్డు మీద వండుకోవడం, రాత్రుళ్ళు ఆఫీసుల్లో పడుకోవడం, అన్నీ మామూలే," అన్నాడు కొంతదూరం పోయాక.

దీవెనది మెదక్. పెళ్ళైన కొత్తలో ఆమె మాట ముద్దుగా ఉందని మళ్ళీ మళ్ళీ అనిపించుకునేవాడు ఇతనే. మంట వల్ల దీవెన సీటు మీద సరిగా కూర్చోలేకపోతోంది. సందుల్లో గుంతొచ్చినప్పుడల్లా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కొత్తగూడ చౌరస్తాలో మందుల షాపు పైన ఉంది డాక్టర్ రోహిణి క్లినిక్. ఆవిడ తెలంగాణ మనిషే. తెర వెనక పరీక్ష చేసి, ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఈ మధ్యల యాంటీబయోటిక్స్ ఏమన్న వాడిన్రా?"

"వాడిన మేడమ్. పన్ను నొప్పికి. రెండు రకాలు."

"అదే మరి. ఇది ఫంగస్. బూజు లాంటిదనుకోండి. అందరి ఒంట్ల కొంచెం ఉంటది. దాన్ని అదుపుల పెట్టే మంచి బ్యాక్టీరియా కూడా అక్కడనే ఉంటది. మీ మాత్రలకు ఆ మంచిది చచ్చిపోయింది, ఇది పెరిగింది. అంతే."

"ఇది మగవాళ్ళ నుంచి వస్తుందంటున్నారు," అన్నాడు కిరణ్.

"ఎవరన్నరు? ఇది సుఖవ్యాధి కానే కాదు. పెండ్లి కాని పిల్లలకు వస్తది, కడుపుతోటి ఉన్నోళ్ళకు వస్తది, షుగర్ ఉన్న ముసలమ్మలకు వస్తది. ఆడవాళ్ళల్ల ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. ఒక షుగర్ టెస్ట్ కూడా చేద్దాం. మరి దేంతోని కడుగుతున్నరు? చర్మమంత పొక్కిపోయింది."

"లోషన్ నీళ్ళతోని."

"అయ్యో! ఇయ్యాల్నే బందు పెట్టండి. ఉత్త నీళ్ళు చాలు. కాటన్ బట్టలేసుకోండి. ఈ బిళ్ళలు రాత్రి లోపల పెట్టుకోవాలె, ఈ క్రీమ్ పైన రాయాలె. కొద్ది రోజులల్ల తగ్గిపోతది."

"నాకు మందు?" అన్నాడు కిరణ్.

"మీకు దురద గిట్ల ఏమన్న ఉందా? లేదు గదా. మీకేం అవసరం లేదు."

దీవెన తల తిప్పి మొగుడి ముఖంలోకి చూసింది. విన్నావా అన్నట్టు చూసింది. గుండె మీది బండరాయిని ఎవరో దింపినట్టయింది. ఇంత చిన్న సంగతికా ఇన్నాళ్ళు చచ్చిపోయాను అనుకుంది.

కిరణ్ లేవలేదు.

"అయితే మేడమ్... తను వేరే ఎవరితోనూ... అలాంటిదేమీ లేదని మీరు గట్టిగా చెప్పగలరా?"

రోహిణి రాస్తున్న కలం ఆగింది. దీవెన వైపు చూసింది. దీవెన నేలచూపులు చూస్తోంది.

"కిరణ్ గారూ, ఈ జబ్బుకూ దానికీ సంబంధం లేదు. అది గట్టిగ చెప్త. మనిషి గురించి అడిగితే నేనేం చెప్పను? అట్ల చెప్పే టెస్టు ఏ దవాఖానల ఉండది. ఆమె మీ భార్య. ఆమెను అడగాలె, ఆమె చెప్పింది నమ్మాలె."

"అంటే చెప్పలేరు."

"ఎవ్వరూ చెప్పలేరు. నా గురించి నా భర్తకు కూడ ఎవ్వరూ చెప్పలేరు."

ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం. కానీ మెట్లు దిగుతుంటే దీవెనకు ఒకటే అనిపించింది, గట్టిగా చెప్పగలనని ఒక్క అబద్ధం ఆడితే నీ సొమ్మేం పోయేది డాక్టరమ్మా అని.

* * *

"ఫంగస్ అంటమ్మా. యాంటీబయోటిక్స్ వల్ల వచ్చిందంట," అన్నాడు కిరణ్ ఇంట్లో అడుగు పెడుతూనే. చెప్పులు విప్పి, సోఫాలో కూలబడ్డాడు.

విమల కూరగాయల బుట్ట పక్కన పెట్టింది.

"ఎంత వయసుంటుంది ఆ డాక్టరుకి?"

"వయసుతోని ఏంపని అత్తమ్మా?" అంది దీవెన.

"నీకు కాదు, వాడికి చెబుతున్నాను. నేను ఆసుపత్రిలో చేరేనాటికి ఆ పిల్ల పుట్టి కూడా ఉండదు. యాంటీబయోటిక్స్ ఇచ్చింది నేను. అంటే నా వల్ల వచ్చిందంటావా ఇది?"

"నేనంటలేను. డాక్టర్ అన్నది. లోషన్ నీళ్ళతోని తోలంత కాలిపోయిందని గూడ అన్నది."

ఆనందరావు బైబిలు మూసి, మళ్ళీ తెరిచాడు. విమల బుట్ట తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

దీవెన వెనకే వెళ్ళింది. విమల బీరకాయ చెక్కు తీస్తోంది.

"అలాగే అయ్యుంటుందే," అంది తలెత్తకుండా. "మా వార్డులోనూ చూశాం. ఎక్కువ మందులు వాడినవాళ్ళకి ఇలా అయ్యేది. నాకా రోజే తట్టాలి. తట్టలేదు. నువ్వా అబ్బాయి బండి దిగిన సంగతే బుర్రలో ఉంది. ఆ మాట నోట్లోంచి వచ్చేసింది."

దీవెన గోడకు ఆనుకుని నిలబడింది. అరవాలని ఉంది. ఈ మనిషి నోట్లోంచి ఒక మాట జారినందుకా తను ఎర్ర బకెట్టుతో స్నానం చేస్తోంది?

"గా మాటే కిరణ్‌తోని చెప్పుండ్రి."

"ఎలా చెప్పనే? సంఘంలో సగం మంది నా చేతి మాత్రలు మింగుతారు. ఈయనకి తెలిస్తే..."

"నా సంసారం వోతున్నది అత్తమ్మా! ఇగ నాకేం మిగుల్తది?"

విమల కత్తిపీట పక్కకు జరిపింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. లేచింది. ఎంతైనా తల్లి, ఎంతైనా ఆడది. హాల్లోకి వెళ్ళి కొడుకు ఎదురుగా నిలబడింది.

"ఒరేయ్, నేనే పొరపాటు పడ్డాను. అది నా మందుల వల్ల వచ్చిందే. పిల్లది ఏ తప్పూ చెయ్యలేదు."

భర్త ముందే అంది ఆ మాట. ఆనందరావు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని ఉండిపోయాడు. దీవెన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"తెలుసమ్మా," అన్నాడు కిరణ్. "డాక్టర్ చెప్పగానే అర్థమైంది. రోగం గురించి నాకేం అనుమానం లేదు."

"మరింకేంట్రా? లేచి దాంతో ఓ మంచి మాట మాట్లాడు."

"నువ్వా మాట అన్నాక నేను నిద్రపోయి ఎరగను. ఆ ఆఫీసు, ఆ గది, ఆ పరుపులు, వాడు. అన్నీ కళ్ళతో చూసినట్టే చూశాను. ఒకసారి కాదు. ఇప్పుడు నువ్వు కాదంటే, చూసినవన్నీ ఎక్కడికి పోతాయమ్మా?"

"చూడలేదురా నువ్వు. ఊహించుకున్నావు."

"ఆ తేడా నాకు తెలియడం లేదు."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే దీవెన ఎదురు మాట్లాడేదే. జ్వరమొచ్చినవాడు ఒళ్ళు నొప్పులు చెప్పుకున్నట్టు చెప్పుకున్నాడు. దీవెన గుమ్మం దాటి అతని ముందుకు వచ్చింది. డాక్టరు చెప్పింది, అత్తగారు ఒప్పుకుంది, తను గెలిచింది. గెలిచి ఏం లాభం?

"రేపు చర్చికి వస్తవా?" అని అడిగింది చివరికి.

"వస్తాను."

"నాతోని లేస్తవా?"

"ప్రార్థన చేసుకుంటాను," అన్నాడు కిరణ్.

* * *

ఆదివారం ఆడవాళ్ళంతా తెల్లచీరలు. బల్ల ఉన్న రోజు అంతే. దీవెన అత్తగారి పక్కన కూర్చుంది. రాత్రి పెట్టుకున్న మందుకు మంట కొంచెం తగ్గింది. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి నిటారుగా కూర్చోగలిగింది. ఒంటికి బాగవుతోంది, ఆ మాట ఎవరికి చెప్పుకోవాలో మాత్రం తెలియలేదు.

పాట మొదలైంది. ఒక్కొక్క జంటా లేస్తోంది. నడుమ దారిలో కలుసుకుని, పక్కపక్కన నడిచి వెళ్ళి, మోకరించి, లేచి వస్తోంది. ఆనందరావు ద్రాక్షరసం పోసిన చిన్న చిన్న గిన్నెల పళ్ళెం పట్టుకుని పాస్టరు అయ్యగారి పక్కన నిలబడ్డాడు. వీళ్ళ వరస వచ్చింది.

దీవెన మగవాళ్ళ వైపు చూసింది. కిరణ్ తల వంచుకుని ఉన్నాడు. పక్కవాడు మోచేత్తో పొడిచాడు. కిరణ్ తలెత్తి ఆమెను చూశాడు.

ఆ చూపులో ఏదో మెత్తదనం కనబడింది. అంతే, దీవెన లేచింది. లేవకుండా ఎలా ఉంటుంది? వరస దాటుకుని నడుమ దారిలోకి వచ్చి, అతను రావాల్సిన చోటుకు కొంచెం చోటిచ్చి నిలబడింది.

కిరణ్ లేవలేదు. ముందున్న బెంచీ చెక్కను రెండు చేతులా పట్టుకున్నాడు, లేవబోయేవాడిలా. వేళ్ళు తెల్లబడేలా పట్టుకున్నాడు. పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. చెంపల మీద కన్నీళ్ళు కారుతున్నాయి.

పాట ఒక చరణం అయిపోయింది. ఇంకో చరణం ఎత్తుకున్నారు. వెనక గుసగుసలు మొదలయ్యాయి. విమల సగం లేచింది. తన మాత్రలు మింగే ఆడవాళ్ళ కళ్ళన్నీ తన మీదే ఉన్నాయి. నిలబడిందీ కాదు, కూర్చుందీ కాదు. మెల్లగా మళ్ళీ కూర్చుంది.

వెనక్కి వెళ్ళి కూర్చుంటే తప్పు ఒప్పుకున్నట్టే. అక్కడే నిలబడితే ఎంతసేపని? దీవెన ముందుకు నడిచింది. ఆ దారి అంత పొడుగని ఆమెకు ఏ నెలా తెలియలేదు.

అయ్యగారు రొట్టె చేతిలో పట్టుకుని ఆమె వెనక్కి చూశారు. ఎవరూ రావడం లేదు.

"ఒక్కదానివేనా అమ్మా?" అన్నారు.

ఆప్యాయంగానే, మెల్లగానే అడిగారు. కానీ మైకు ఆయన కాలరుకే ఉంది. మందిరమంతా వినబడింది. పాట ఆగిపోయింది.

"ఒక్కదాన్నే, అయ్యగారూ," అంది దీవెన.

మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాపింది. అయ్యగారు ఆనందరావు వైపు చూశారు. ఆనందరావు కొడుకు వైపు చూశాడు. చాపిన చేతులు అలాగే ఉన్నాయి, ఎవరూ వాటిలో ఏమీ పెట్టలేదు.